అన్నం దొరుకుతుంది, చోటు దొరకదు

తిరుపతి నుంచి విజయవాడ మీదుగా హైదరాబాద్ చేరే రైలు మార్గం తెలుగు నేలలో ఎప్పుడూ రద్దీగా ఉండే యాత్రామార్గాల్లో ఒకటి. మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళేవారు, కూలి వెతుక్కుంటూ ఊరు విడిచినవారు, పెద్దాసుపత్రిలో వైద్యం కోసం బయలుదేరినవారు, అయినవాళ్ళు వద్దనుకున్నవారు ఈ మార్గంలో ఒకే ప్లాట్‌ఫారం మీద దిగి, మొదటి రాత్రి చాలావరకు ఒకేచోట నడుం వాలుస్తారు. తెల్లవారాక వారి దారులు వేరవుతాయి, వారిని ఊరు చూసే చూపు కూడా వేరవుతుంది. ఈ మూడు నగరాల్లోని స్టేషన్ల పరిసరాలను, ఆసుపత్రుల ప్రహరీలను, నదీఘట్టాలను రాత్రిపూట కాలినడకన చూస్తే, ఇల్లు లేని మనిషికి అన్నం పెట్టడానికి అంతగా వెనకాడని తెలుగు సమాజం అదే మనిషికి ఒళ్ళు వాల్చే చోటివ్వడానికి మాత్రం చాలా వెనకాడుతుందన్న సంగతి స్పష్టమవుతుంది.

ఇల్లు లేనివారంటే ఎవరో ముందుగా చెప్పుకోవాలి. భారత జనగణన ప్రకారం కప్పు ఉన్న కట్టడంలో కాకుండా రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, ఆలయ ప్రాంగణాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఆరుబయట బతికే కుటుంబాలే నిరాశ్రయ కుటుంబాలు. మురికివాడలో రేకుల షెడ్డు వేసుకున్నవారు ఎంత పేదలైనా ఈ లెక్కలోకి రారు, ఎందుకంటే వారి తలమీద ఏదో ఒక కప్పు ఉంటుంది, చాలాచోట్ల తలుపుకు ఒక నంబరు కూడా ఉంటుంది. 2011 జనగణనలో ఇలాంటివారిని ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కించగా దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షల మంది తేలారు. 2001తో పోలిస్తే దేశంలో ఈ సంఖ్య మొత్తంగా కొంత తగ్గినా, పట్టణాల్లో మాత్రం 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది. ఒక్క రాత్రిలో, అదీ అధికారిని చూస్తే పక్కకు తప్పుకోవడానికి అలవాటుపడ్డ మనుషులను లెక్కించడం వల్ల ఈ అంకెలు అసలు సంఖ్యకు తక్కువగానే ఉంటాయని ఈ రంగంలో పనిచేసేవారు చాలాకాలంగా చెబుతున్నారు.

తిరుపతిలో ఈ సమస్య భక్తి చాటున దాగి ఉంటుంది. రైల్వే స్టేషన్ ఎదుట, గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల వీధుల్లో, దర్శనం టోకెన్లు ఇచ్చే కేంద్రాల దగ్గర ఏ రాత్రి చూసినా వందల మంది దుప్పట్లు పరుచుకుని ఆరుబయట నిద్రపోతూ కనిపిస్తారు. వారిలో అత్యధికులు యాత్రికులు కాబట్టి ఆ నిద్రను ఎవరూ తప్పుపట్టరు, పైగా కొండమీదా కిందా దేవస్థానం వసతి సముదాయాలు, ఉచిత హాళ్ళు, సామాన్లు దాచుకునే లాకర్లు వారికోసమే ఉన్నాయి. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టుకున్న విశాలమైన భవనంలో రోజూ వేలాదిమందికి కడుపునిండా వడ్డిస్తోంది, అక్కడ పంక్తిలో కూర్చున్నవారిని ఊరూ పేరూ అడిగే ఆచారం లేదు.

అయితే యాత్రికుల మధ్యనే, వారిలో కలిసిపోయి, తిరుగు టికెట్ లేనివారు కొందరు ఉంటారు. గుండు చేయించుకుని, తలకు గంధం రాసుకుని, లడ్డూల సంచిని తలకింద పెట్టుకున్న కుటుంబం పక్కనే, చేతిసంచిని చీరకొంగుతో ముడివేసుకుని గోడకు ఆనుకున్న ఒక వృద్ధురాలు కూర్చుని ఉన్నప్పుడు, గస్తీకి వచ్చిన కాపలాదారు చేతికర్ర మొదట ఆమె పక్కన నేలమీదే మోగుతుంది. ఆ కుటుంబమూ ఆమే ఉన్నది ఒకే బండపరుపు మీద అయినా, ఒకరి దగ్గర రేపు వెళ్ళిపోతారన్న సూచన ఉంది, మరొకరి దగ్గర అది లేదు. వృద్ధులను యాత్రాస్థలాలకు తీసుకువచ్చి వదిలి వెళ్ళిపోయే ఉదంతాలు తెలుగు పత్రికల్లో తరచుగా కనిపిస్తాయి. తల్లిదండ్రులను ఇలా విడిచిపెట్టడం 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం మూడు నెలల వరకు జైలుశిక్ష పడదగిన నేరమే, కానీ వదిలేసిన కొడుకు పేరు చెప్పడానికి ఇష్టపడని తల్లుల విషయంలో ఆ చట్టం పనిచేసే అవకాశం తక్కువ.

యాత్రికుడికీ నిరాశ్రయుడికీ మధ్య ఊరు చూపే ఈ తేడా కొత్తది కాదు. పాత తెలుగు ఊళ్ళలో బాటసారికోసం సత్రం ఉండేది, ఇంటి ముందు అరుగు ఉండేది, చీకటిపడి వచ్చిన పరదేశి ఆ అరుగుమీద పడుకుంటే ఇంటివారు మజ్జిగన్నమైనా పెట్టి పంపేవారు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) తన ఇంటినే అన్నసత్రంగా మార్చి వేళాపాళా లేకుండా వచ్చినవారికి వండిపెట్టడం ఈ సంప్రదాయానికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆమె పేరును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లోని మధ్యాహ్న భోజన పథకానికి పెట్టింది. అయితే సత్రం మర్యాదలో ఒక షరతు కూడా ఇమిడి ఉండేది: బస చేసినవాడు రెండు మూడు రోజుల్లో కదలాలి. సాగిపోయే మనిషికి దక్కిన గౌరవం ఆగిపోయిన మనిషికి దక్కలేదు. నేటి నగరంలో అరుగులు పోయి ప్రహరీ గోడలు, ఇనుప గేట్లు, వాచ్‌మన్‌లు వచ్చాక షరతు మాత్రం మిగిలి, బస కనుమరుగైంది.

తిరుపతిలో తెల్లవారుతుండగా బయలుదేరి రాత్రికి సికింద్రాబాద్ చేరే కృష్ణా ఎక్స్‌ప్రెస్ నెల్లూరు, కావలి, ఒంగోలు, చీరాల, బాపట్ల, తెనాలి మీదుగా విజయవాడకు వస్తుంది. ఈ దారిలోని రెండు ఊళ్ళు నిలకడలేని మనుషుల మీద రాజ్యానికి ఉన్న అనుమానానికి చారిత్రక సాక్ష్యాలు. 1871లో ఉత్తర భారతంలో మొదలై 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ విస్తరించిన నేరస్థ తెగల చట్టం, అంటే కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదుచేసి వారి కదలికల మీద నిఘా పెట్టే బ్రిటిష్ శాసనం, ఎరుకల వంటి సంచార సమూహాలను సెటిల్‌మెంట్లనే ప్రత్యేక ఆవాసాల్లో ఉంచింది. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్, చీరాల–బాపట్లల మధ్య ఉన్న స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపాయి. ఉప్పు, ధాన్యం ఎడ్లమీదా గాడిదలమీదా వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న ఎరుకలవారి జీవనం రైళ్ళు, ఉప్పు పన్ను వచ్చాక దెబ్బతినగా, బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనుషులను ఆనాటి పాలకులు పేదలుగా కాక దొంగలుగా చూశారు. చట్టం 1952లో రద్దయినా, స్థిరమైన చిరునామా లేని మనిషిని ముందు అనుమానించి తర్వాత విచారించే అలవాటు రద్దు కాలేదు. ఊళ్ళో దొంగతనం జరిగితే పోలీసుల చూపు మొదట పడేది ఊరి చివర డేరా వేసుకున్న సంచారజాతుల మీదే, నగరంలో అయితే ఫ్లైఓవర్ కింద పడుకున్నవారి మీదే.

విజయవాడ మూడు కాలువల నగరం. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణానది నుంచి పుట్టిన ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊరిని చీల్చుకుంటూ సాగుతాయి. వాటి గట్ల వెంట దశాబ్దాలుగా గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఉన్నాయి, ఆ గట్లమీదా చోటు దొరకనివారు దుర్గమ్మ కొండ కింద స్నానఘట్టాల్లో, కనకదుర్గ ఫ్లైఓవర్ స్తంభాల నడుమ, బస్టాండు, రైల్వే స్టేషన్ల బయట రాత్రులు గడుపుతారు. వీరందరినీ బిచ్చగాళ్ళు అనుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. కాస్త నిలిచి చూస్తే మార్కెట్లలో బస్తాలు మోసే ముఠా కూలీలు, చిత్తుకాగితాలు, సీసాలు ఏరి అమ్ముకునేవారు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవారు, రిక్షా మీదే నిద్రపోయే రిక్షావాళ్ళు, భర్త కొడితే బిడ్డతో బయటపడ్డ ఆడవాళ్ళు, మతిస్థిమితం తప్పి దారితప్పినవారు ఇందులో ఉంటారు. వీరిలో పనిచేయగలిగినవారికి ఫుట్‌పాత్ పనికి దగ్గరగా ఉండే చోటు. తెల్లవారుజామున మూడు గంటలకు లారీ దించాల్సిన కూలీ ఊరికి పది మైళ్ళ దూరంలో పడుకుంటే ఆ పని మరొకరి పాలవుతుంది.

బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసుగా పేరొందిన ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో సుప్రీంకోర్టు గుర్తించినది సరిగ్గా ఈ విషయాన్నే. జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమనీ, వారు పనికి దగ్గరగా ఉండటం కోసమే అక్కడ నివసిస్తున్నారనీ అంగీకరించిన న్యాయస్థానం, ఫుట్‌పాత్ మీద శాశ్వతంగా ఉండే హక్కును మాత్రం ఒప్పుకోలేదు; ముందస్తు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చని చెప్పింది. ఆ తీర్పులోని మొదటి సగం న్యాయశాస్త్ర గ్రంథాల్లో గర్వంగా నిలిచింది, మున్సిపాలిటీల ఆచరణలోకి ఎక్కువగా వచ్చింది రెండో సగం.

విజయవాడలో నిరాశ్రయుల పట్ల జనం ధోరణిని అర్థం చేసుకోవడానికి 2024 సెప్టెంబరు మొదటి వారం బాగా ఉపయోగపడుతుంది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటమునిగినప్పుడు లక్షలాది మంది ఉన్నపళంగా ఇల్లు లేనివారయ్యారు. అప్పుడు పడవల్లో, ట్రాక్టర్లలో, చివరికి డ్రోన్ల ద్వారా కూడా ఆహారపు పొట్లాలు, నీళ్ళ సీసాలు చేరాయి, కల్యాణమండపాలు, బడులు పునరావాస కేంద్రాలయ్యాయి, పొరుగు జిల్లాల నుంచి పులిహోర డేగిసాలు లారీల్లో వచ్చాయి. వరద బాధితుడి దురదృష్టానికి కారణం ఆకాశంలో ఉంది కాబట్టి అతణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు. ఫుట్‌పాత్ మీది మనిషిని ముంచింది అప్పో, జబ్బో, తాగుడో, కుటుంబ కలహమో, పంట నష్టమో కావడం వల్ల దాన్ని అతని సొంత తప్పుగా లెక్కగట్టడం సులభం. నీళ్ళు దిగిపోయాక తలుపులు తెరిచిన బళ్ళు మళ్ళీ బళ్ళయ్యాయి. ఘట్టాల మీద ఏడాది పొడుగునా పడుకునేవారికోసం ఆ తలుపులు అంతకుముందూ తెరుచుకోలేదు, ఆ తర్వాతా తెరుచుకోలేదు.

ప్రభుత్వ వసతి లేదని కాదు. ఆహార హక్కు కేసులో భాగంగా 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత, 2013లో రూపుదిద్దుకున్న జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం వంద మంది పట్టే శాశ్వత ఆశ్రయం ఒకటి ఉండాలనీ, తలకు యాభై చదరపు అడుగుల చోటు, మంచినీరు, మరుగుదొడ్డి, వంటకు వీలు కల్పించాలనీ, అది రోజంతా ఏడాదంతా తెరిచి ఉండాలనీ నియమం ఏర్పడింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, ఈ పథకాన్ని చూసింది. నిర్వహణ బాధ్యత చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థలది. 2011 నాటికే పది లక్షల జనాభా దాటిన విజయవాడకు ఈ కొలత ప్రకారం పది ఆశ్రయాలు, అరవై ఏడు లక్షలు దాటిన హైదరాబాద్ మహానగరానికి అరవైకి పైగా ఆశ్రయాలు ఉండాలి. ఉన్నవి అందులో చిన్న భాగమే.

ఇటువంటి ఆశ్రయంలోకి అడుగుపెడితే గుమ్మం దగ్గర బల్లమీద ఒక పెద్ద రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను కనిపిస్తాయి. పేరు, సొంత ఊరు, వయసు, వచ్చిన వేళ రాయించి, ఆధార్ ఉందా అని అడిగి, దుప్పటి ఇస్తారు. లోపల రెండంతస్తుల ఇనుప మంచాలు, గోడవారగా పేర్చిన ట్రంకుపెట్టెలు, కిటికీ ఊచలకు ఆరేసిన లుంగీలు, ఒక మూలన టీవీ ఉంటాయి. శుభ్రంగా నడిచే ఆశ్రయాలు ఉన్నప్పటికీ చాలామంది వాటికి దూరంగా ఉండటానికి బలమైన కారణాలున్నాయి. మగవారికీ ఆడవారికీ వేరువేరు ఆశ్రయాలు కావడంతో భార్యాభర్తలు, పిల్లలు విడిపోవాలి, తోపుడుబండిని గాని చిత్తుకాగితాల మూటను గాని లోపలికి రానివ్వరు, తాగి వచ్చినవారికి ప్రవేశం ఉండదు, ఆశ్రయం పనిచోటికి దూరంగా ఉంటుంది. ఇవేవీ తెలియనివారు మాత్రం, గవర్నమెంటు చోటిచ్చినా వీళ్ళు పోరు, వీళ్ళకు రోడ్డే అలవాటైపోయింది అని తేల్చేస్తారు.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న మరింత సంక్లిష్టమవుతుంది. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ప్రహరీ వెంట రాత్రి పది దాటాక నడిస్తే, కొత్తవారికి నిరాశ్రయులుగా తోచే మనుషుల్లో చాలామంది రోగుల బంధువులని తెలుస్తుంది. ఎక్స్‌రే కవరును తలకింద పెట్టుకుని, ఓపీ చీటీని ప్లాస్టిక్ సంచిలో మడిచి జేబులో దోపుకుని, స్టీలు గిన్నెను పక్కన బోర్లించుకుని పడుకున్న ఈ మనుషులకు పాలమూరులోనో, నల్లగొండలోనో ఇల్లు ఉంది, వార్డులో మాత్రం ఒకరికి మించి చోటు లేదు. నిలోఫర్ వంటి కొన్ని పెద్దాసుపత్రుల దగ్గర నగరపాలక సంస్థ రోగుల సహాయకులకోసం ప్రత్యేక ఆశ్రయాలు కట్టింది. నిరాశ్రయులకోసం అంటే అడ్డుచెప్పే చుట్టుపక్కలవారు రోగుల బంధువులకోసం అంటే అంతగా అడ్డుచెప్పరు, ఎందుకంటే ఈ బంధువు కూడా యాత్రికుడిలాగే ఒకనాడు తిరిగి వెళ్ళిపోతాడు.

ఆసుపత్రి గోడకు ఎదురుగా ఉన్న దుకాణాల వరుసలో దుకాణం మూసే వేళ ఒక పని తప్పనిసరిగా జరుగుతుంది: షట్టర్ దించి తాళం వేసిన కుర్రవాడు బకెట్టుతో నీళ్ళు తెచ్చి మెట్లమీద కుమ్మరిస్తాడు. అది శుభ్రతకోసం కాదు, తడిసిన రాయి మీద ఎవరూ పడుకోరు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి అరుగు అంచుకు ఇనుప మేకులు బిగించారు, కొన్ని బస్టాపుల్లో బెంచీల మధ్య ఇనుప కడ్డీలు అడ్డంగా లేచాయి. అదే దుకాణదారు శుక్రవారమో, శనివారమో దుకాణం ముందు అన్నం పొట్లాలు పంచడం కూడా మామూలే. ఈ రెండు పనుల మధ్య అతనికి వైరుధ్యం కనిపించదు. పొట్లం అందుకున్న మనిషి వెళ్ళిపోతాడు, మెట్లమీద పడుకున్న మనిషి రేపు కూడా వస్తాడు. దానం ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది, చోటు అడిగేవాడి హక్కుగా మారుతుందన్న భయమే ఆ బకెట్టు నీళ్ళకు కారణం.

ప్రభుత్వాల తీరులోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 2014లో హైదరాబాద్‌లో మొదలైన అయిదు రూపాయల భోజనం, 2018లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై మధ్యలో ఆగి 2024లో మళ్ళీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లు జనం మెప్పు పొందిన పథకాలు. ఇదే హైదరాబాద్‌లో 2017 నవంబరులో, అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు కొద్దిరోజుల ముందు, వీధుల్లో భిక్షాటనను రెండు నెలలపాటు నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వులు వెలువడ్డాయి, పట్టుబడినవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని కేంద్రాలకు తరలించారు. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఈ రాష్ట్రాల్లో ముందునుంచీ ఉంది. ఢిల్లీలో అమలైన ఇటువంటి చట్టంలోని శిక్షా నిబంధనలను 2018లో అక్కడి హైకోర్టు కొట్టివేయగా, 2021లో సుప్రీంకోర్టు కూడా భిక్షాటనను పేదరికపు ఫలితంగా చూడాలే తప్ప వీధుల నుంచి మనుషులను తొలగించే ఉత్తర్వులు ఇవ్వలేమని స్పష్టం చేసింది.

హైదరాబాద్ చరిత్రలో దీనికి భిన్నమైన అధ్యాయం కూడా ఉంది. 1908 సెప్టెంబరు మూసీ వరదల్లో వేలాది మంది చనిపోయి, అంతకు ఎన్నోరెట్ల మంది ఇళ్ళు కోల్పోయాక, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కిక్కిరిసిన బస్తీలను తొలగించిన చోట పేదలకు తక్కువ అద్దె ఇళ్ళు కట్టించే పనిని తన బాధ్యతల్లో చేర్చుకుంది. ఇల్లు కూలిపోయినవాడికి అన్నంతోపాటు చోటు కూడా ఇవ్వాలన్న ఆలోచన ఈ నగరానికి పరాయిది కాదనడానికి అదొక నిదర్శనం.

నగరంలోని ఆశ్రయాల్లో తలదాచుకునే మగవారిలో చాలామంది పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్ పనికి వెళ్తారు. ఫంక్షన్‌హాల్‌లో తెల్లచొక్కా వేసుకుని వందలమందికి బిర్యానీ వడ్డించి, అర్ధరాత్రి దాటాక కూలి డబ్బులు తీసుకుని, ఆశ్రయం తలుపులు మూసి ఉంటే ఫుట్‌పాత్ మీదే పడుకుంటారు. ఆకలి వీరి ప్రధాన సమస్య కాదు. గదికి అడ్వాన్సు కట్టే స్తోమత, హామీ ఇచ్చే మనిషి, అద్దె ఒప్పందంలో రాయడానికి ఒక గుర్తింపు చిరునామా లేకపోవడమే వీరిని రోడ్డుమీద ఉంచుతోంది.

రెండు తెలుగు రాష్ట్రాల రాజకీయాల్లో ఇల్లు కేంద్ర స్థానంలో ఉన్న అంశం. ఎన్టీఆర్ కాలపు పక్కా ఇళ్ళ నుంచి ఇందిరమ్మ ఇళ్ళు, డబుల్ బెడ్రూం ఇళ్ళు, ఇళ్ళ స్థలాల పంపిణీ వరకు ప్రతి ప్రభుత్వమూ ఇంటిని వాగ్దానం చేసింది. కానీ లబ్ధిదారుల ఎంపిక రేషన్ కార్డుతో, స్థానిక నివాస ధ్రువీకరణతో మొదలవుతుంది కనుక అసలు ఇల్లే లేనివారు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్లు నెల మొదట్లో గుమ్మం దగ్గరికి వచ్చి చేతికిస్తారు. గుమ్మమే లేని వృద్ధురాలిని వెతకడం ఎవరి విధీ కాదు. దీన్ని దాటే మార్గం లేకపోలేదు. ఎన్నికల సంఘం నిబంధనల ప్రకారం నిరాశ్రయుడు ఓటు నమోదుకు దరఖాస్తు చేస్తే చిరునామా పత్రం అడగకుండా, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట ఒకటికి రెండుసార్లు అతను చెప్పిన చోటికి వెళ్ళి, అక్కడే నిద్రిస్తున్నాడని చూసుకుని పేరు చేర్చాలి. ఓటుకోసం రాత్రి ఫుట్‌పాత్ దగ్గరికి వెళ్ళగల యంత్రాంగం పింఛను కోసం, రేషన్ కోసం, అద్దె సాయం కోసం కూడా వెళ్ళగలదు.

తదుపరి జనగణన 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగాల్సి ఉంది కాబట్టి, దానికి ముందు రాత్రి జనగణన సిబ్బంది మళ్ళీ స్టేషన్లకు, ఘట్టాలకు, ఆసుపత్రి గోడల దగ్గరికి వస్తారు. ఆ లెక్క కేవలం అంకెగా మిగలకుండా ఉండాలంటే ప్రతి నగరపాలక సంస్థ లక్షకు ఒక ఆశ్రయమనే కొలతను తన బడ్జెట్‌లో చూపాలి, కుటుంబాలు కలిసి ఉండే ఆశ్రయాలను, తోపుడుబండి పెట్టుకునే చోటును, పనిచోట్లకు దగ్గరి స్థలాలను ఎంచుకోవాలి, ఆశ్రయం వస్తే వీధి పాడవుతుందనే కాలనీవాసులకు ఆ మనుషులు ఇప్పటికే తమ వీధిలో కప్పు లేకుండా ఉంటున్నారని గుర్తుచేయాలి. అన్నదానంలో తెలుగువారికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అన్నం పెట్టిన మనిషి రేపటికి కూడా అక్కడే ఉంటాడన్న వాస్తవాన్ని అంగీకరించి, అతనికోసం నేలలో కొంత భాగాన్ని రాసివ్వడమే ఇంకా నేర్వాల్సిన పని. అది దాతల ఉదారతతో తీరేది కాదు, మున్సిపల్ స్థలాల పట్టికలో, బడ్జెట్ పద్దుల్లో, వార్డు సభ్యుల సమావేశాల్లో తేలాల్సిన విషయం.